ముందే కొన్న పెట్టెలు

దుప్పట్లు ఇంటివైపు తిరిగాయి. పొద్దుటినుంచీ కొండవైపే ఎగురుతున్నవి, మధ్యాహ్నం కాసేపు ఏ సంగతీ తేల్చుకోలేనట్టు తీగమీద వేలాడి, ఇప్పుడు వంటింటి కిటికీకేసి పొట్టలు ఉబ్బించుకుని వస్తున్నాయి. వాయవ్యపు గాలి దిగిందన్నమాట. కొండమీద విమానంతో ఎరువు చల్లే మా ఆయన అలిస్టర్‌కి ఇప్పుడు గాలి వీపు వెనకనుంచి అన్నమాట. అక్కడా ఒక గాలిసంచి ఉంది, కర్రకి కట్టినది, సగం చిరిగింది, నా దుప్పట్లే దానికంటే నయం. అయినా సంచి చిరగడం కాదు సంగతి, గాలి తిరిగిందని అతనికీ తెలుసు, విమానం తొట్టిలోకి ఎరువు పోసే లోడరు బండి నడిపే నికోరాకీ తెలుసు, ఆ కొండమీద మేసే గొర్రెలకి కూడా తెలుసు, అవి ఈపాటికి గాలికి వీపులు తిప్పుకుని నిలబడి ఉంటాయి. తెలియక చచ్చినవాణ్ని ఈ లోయలో నేనింకా చూడలేదు. అందరూ తెలిసే.

ఇదుగో, లేచింది. ఆ మోత నాకు కంటితో పని లేకుండా తెలుస్తుంది. ముందు కొండ నెత్తిమీద ఒక గర్జన, అది నికోరా తొట్టి నింపి పక్కకి తప్పుకున్నాడని. తరవాత గడ్డిమీద దొర్లుతూ దిగే మోత, కొంచెం బొంగురుగా. కొండ అంచు దగ్గర చక్రాలు వదిలాక గొంతు మారుతుంది. అప్పుడు విమానం మా ఎదుటి పైన్ చెట్ల వరుస వెనక కాస్త దిగి, ఎడమపక్క సందులోంచి పైకి వస్తుంది. వచ్చింది. నేను దుంప చెక్కు తీశాను. కుమరా దుంప, ఎర్రది, రాత్రికి మటన్‌తో. మా ఆయన ప్రాణాలతో వస్తే వేడిగా తింటాడు, రాకపోతే ఎలాగూ ఊరంతా పళ్ళేలు పట్టుకొస్తుంది. ఇక్కడి ఆడవాళ్ళం చావుకీ పెళ్ళికీ పళ్ళెం పట్టుకెళ్ళడంలో చాలా నిపుణులం.

ఆ కొండమీది గడ్డి మైదానానికి ఒకటే దారి. విమానం కొండ ఎక్కుతూ వాలాలి, కొండ దిగుతూ లేవాలి. గాలి ఎటునుంచి వచ్చినా కొండ తన ఏటవాలు మార్చుకోదు. గాలి వెనకనుంచి తోస్తే చక్రాల వేగం చక్రాలకే, రెక్కలకి అందేది తక్కువ. అంచు దాటాక కింద నేల లేదు, లోయ ఉంది. అప్పుడు పొట్టనిండా సూపర్ ఫాస్ఫేట్ ఎరువుతో విమానం కడుపుతో ఉన్న బాతులా కిందికి జారుతుంది. దానికి మందు ఒకటే, ఎడమచేతి దగ్గర ఒక పిడి ఉంటుంది, అది లాగితే తొట్టి అడుగు తెరుచుకుని సరుకంతా ఒక్కసారి కొండమీద పడుతుంది, విమానం తేలికై లేస్తుంది. చెంచా పట్టుకోవడం వచ్చిన ఏ పిల్లాడైనా లాగగలడు. మా లోయలో మొగాళ్ళు మాత్రం ముందు ఆలోచిస్తారు. కొండ కిందికి జారుతూ ఆలోచిస్తారు. ఎందుకంటే పెట్టె.

పెట్టె అంటే బీరు పెట్టె. సరుకు పారబోసినవాడు శుక్రవారం సాయంత్రం షెడ్డులో అందరికీ ఒక పెట్టె ఇచ్చుకోవాలి. ఎవరు పెట్టారో ఈ నియమం, ఐవర్ వాళ్ళ నాన్న అంటారు. ఐవర్ మా కంపెనీ యజమాని, అతనికి సొంత బుద్ధి అంటూ ఏదైనా ఉంటే అది వాళ్ళ నాన్నదే. ఇచ్చేవాడు కుర్చీ ఎక్కి నిలబడాలి. ఎక్కడ పారబోశాడో, ఎందుకు పారబోశాడో చెప్పాలి. అతను ఏం చెప్పినా కిందనుంచి "అయ్యో పాపం" అని కోరస్. బీరు గురించి ఎవడూ బాధపడడు, ఆ కుర్చీ గురించే. ఆ బీరు పెట్టుకునే ఫ్రిజ్‌మీద, సరిగ్గా దాని నెత్తిమీద, "భద్రతకే మొదటి పీట" అని పెద్ద అక్షరాల బోర్డు ఒకటి వేలాడుతూ ఉంటుంది. పట్నంనుంచి టై కట్టుకున్నాయన వచ్చి ఇచ్చి వెళ్ళాడు. ఆయన బొమ్మలు చూపిస్తూ తక్కువ ఎత్తులో ఎగరడం గురించి ఉపన్యాసం ఇచ్చాడు, అలసట గురించి, ఎండ కళ్ళలో పడటం గురించి, తీగల గురించి, మా వాళ్ళు వెనక వరసలో నిద్రపోయారు. నేను శాండ్‌విచ్‌లు ఇస్తూ చివర నిలబడి విన్నాను. ఆయనకి అన్నీ తెలుసు, పెట్టె గురించి తెలియదు. ఎవరూ చెప్పలేదు. ఉపన్యాసం అయ్యాక ఆయనకీ ఒక సీసా ఇచ్చారు, ఆ బోర్డు కిందే తాగాడు.

మళ్ళీ గర్జన. ఇంకొకటి. గాలి తిరిగాక ఇది రెండోది. ఆపెయ్యచ్చు కదా. వర్షం రేపు వస్తుందని రైతు తొందర, రైతుకి గడ్డి తొందర, గడ్డికి ఏ తొందరా లేదు. దొర్లుతోంది. అంచు. దిగింది. చెట్లు. సందులో... వచ్చింది, కానీ ఇందాకటికంటే కింద. పైన్ కొమ్మలకి జడలు వేసేంత కింద.

మా కంపెనీ పైలటే ట్రెవర్, అతనిది కూడా ఇదే మైదానం, ఇదే నెల, పోయిన ఏడాది. ఆ చెట్ల కుడిపక్కన కొండ చంకలో ఒక పచ్చటి మచ్చ కనిపిస్తుంది నా కిటికీలోంచి, చుట్టూ గడ్డి ఎండకి గోధుమరంగైనా అది మాత్రం ముదురు పచ్చన. విమానంతో సహా పొట్టలో ఉన్న ఎరువంతా ఒక్కచోటే పడింది మరి. గొర్రెలకి ఆ మచ్చంటే ప్రాణం, పొద్దస్తమానం అక్కడే. ఆ నెలలో ట్రెవర్ రెండుసార్లు పారబోశాడు, రెండుసార్లూ కుర్చీ ఎక్కాడు. రెండో శుక్రవారం డూగల్, ఇరవయ్యేళ్ళు దాటాయో లేదో, మీసం కూడా ఇంకా నిర్ణయించుకోని కుర్రపైలట్, "ట్రెవర్ అన్నా, ఇంక నోలీన్ వదిన చేత బీరు కొట్టు పెట్టించెయ్, మనకి తక్కువలో వస్తుంది" అన్నాడు. అందరూ నవ్వారు. అలిస్టర్ కూడా నవ్వాడని నాకు తెలుసు, ఇంటికొచ్చి చెప్పుకుని మళ్ళీ నవ్వాడు కాబట్టి. మూడోసారి ట్రెవర్ పారబొయ్యలేదు. విచారణకి వచ్చినవాళ్ళు పిడి ఉన్నచోటే ఉందన్నారు. పిడి బిగుసుకుపోయి ఉంటుంది అన్నాడు ఐవర్. బిగుసుకుపోయింది పిడి కాదు.

అంత్యక్రియల్లో ఫాదర్ దగ్గరనుంచి డూగల్ దాకా అందరిదీ ఒకటే మాట, ఇష్టమైన పని చేస్తూ పోయాడు. ట్రెవర్ భార్య నోలీన్ నల్ల కోటు వేసుకుని ఒక్కొక్కరికీ చెయ్యి అందిస్తూ విన్నది. తరవాత హాలు వెనక ఇద్దరం కప్పులు కడుగుతున్నప్పుడు, "ఆయనకిష్టమైంది ట్రౌట్ చేపలు పట్టడం, గ్లెనిస్," అంది, "ఏట్లో నిలబడి పోయి ఉంటే నేనూ ఆ మాటే అనేదాన్ని." కప్పు తుడిచి బోర్లించింది. "మూడో పెట్టె కొనడు ఆయన. నాకు తెలుసు ఆ మనిషి." ఆ పెట్టె ఇవ్వడానికి మొహం చెల్లక ఈ పెట్టెలో పడుకున్నాడు. నేను పైకి అనలేదు. కాలేజీలో తర్కశాస్త్రం చదివి పట్టా పుచ్చుకున్నదాన్ని, పట్టా ఇప్పుడు లాండ్రీ గదిలో బాయిలరు మీద గోడకి వేలాడుతోంది, ఆవిరికి అక్షరాలు ఉబ్బాయి. తర్కం ఇలా చెబుతుంది, మనిషికి రెండు నష్టాలు ఎదురైతే చిన్నది ఎంచుకుంటాడు. మా లోయలో ఏది చిన్నదో ఎంచడానికి తర్కశాస్త్రం చాలదు.

అందుకే ఇవాళ పొద్దున్న, అలిస్టర్ చీకటితో వెళ్ళిపోయాక, ఊళ్ళో హోటల్ బారుకి పోయి, వ్యానులో పట్టినన్ని పెట్టెలు వేయించుకున్నాను. బారువాడు ఇంట్లో పెళ్ళా అని అడిగాడు. కాదు, ఉన్న పెళ్ళి నిలబెట్టుకోడానికి అన్నాను. తిన్నగా షెడ్డుకి పట్టుకెళ్ళి, ఆ బోర్డు కింద, ఫ్రిజ్ పక్కన, ఒకదానిమీద ఒకటి నేనే దింపుకున్నాను, ఐవర్ చేతులు జేబుల్లో పెట్టుకుని చూస్తూ నిలబడ్డాడు, సాయం చెయ్యాలో నన్ను బయటికి పంపాలో అతనికి వాళ్ళ నాన్న చెప్పి పోలేదు.

"ఏమిటివన్నీ?"

"అలిస్టర్ పారబోతలు. ఇంకా పారబొయ్యలేదు, ముందే ఇచ్చేస్తున్నా. ఇవి అయిపోయేదాకా అతన్ని కుర్చీ ఎక్కమనడానికి లేదు."

"మొగుడి పరువు తీస్తున్నావు, తెలుస్తోందా గ్లెనిస్?"

"తీసి ఇక్కడ పెడుతున్నా ఐవర్. ఆ మేరకి పైన బరువు తగ్గుతుంది."

చాలా బాగా అన్నాననుకున్నాను. వ్యానులో ఇంటికొస్తూ ఆ మాట నాలో నేనే రెండుసార్లు అనుకుని మురిసిపోయాను. ఇంటికొచ్చి దుప్పట్లు నానబెడుతుంటే ఫ్రిజ్ మీది రేడియో డబ్బాలో ఐవర్ గొంతు వచ్చింది. ఈ డబ్బా కంపెనీ ఇచ్చింది, పెళ్ళాలు భోజనాలు ఎప్పుడు వడ్డించాలో తెలుసుకోడానికి. వినడమే మా వంతు. మైకు కూడా ఉంది, కొత్తలో చుట్టిన ప్లాస్టిక్ కాగితంతో సహా ఉంది, ఎవరూ వద్దనలేదు, ఎవరం మాట్లాడనూ లేదు. అందరూ వినండర్రా అన్నాడు ఐవర్, అలిస్టర్ గారి భార్య వచ్చి ఆయన భయానికి అడ్వాన్సు కట్టి వెళ్ళింది అన్నాడు. అవతలి లోయలో ఎగురుతున్న డూగల్ నవ్వి, అన్నా, ఇకనుంచి వంటింట్లో అడిగి లేస్తావా ఏమిటి అన్నాడు. ఇంకెవరో గొర్రెలా అరిచారు. అలిస్టర్ మాత్రం "నికోరా, తరవాతిది" అన్నాడు. అంతే. పొద్దుటినుంచి ఇప్పటిదాకా ఆ గొంతులోంచి వచ్చిన మాటలు ఆ రెండే, మళ్ళీ మళ్ళీ ఆ రెండే.

అప్పుడు తెలిసింది నాకు, నేనేం చేశానో. ఇంత తెలివిగా ఆలోచించినదాన్ని, పరువు తీసి పక్కన పెడితే మగాడు వెంటనే ఇంకొకటి వేసుకుంటాడని ఆలోచించలేదు. అదీ పాతదానికంటే పెద్ద సైజు. రెండింటికి నికోరా గొంతు వచ్చింది డబ్బాలో. నలభై ఏళ్ళ మనిషి, నోరు మూస్తే ఊపిరాడదు అతనికి. "ఆంటీ, వింటుంటే వినండి, జవాబివ్వక్కర్లేదు. బాస్ ఇవాళ నాతో మాట్లాడట్లేదు. బొటనవేలే మాట్లాడుతోంది. అదీ పైకే." ఆ బాస్ అలిస్టరే, అతనికి వినబడాలనే అన్నాడు. లోడరు బుట్ట తొట్టి మీదికి వంచుతున్నప్పుడు పైలట్ అద్దంలోంచి వేలు చూపిస్తాడు, పైకి చూపిస్తే ఇంకా పొయ్యి, కిందికి చూపిస్తే తగ్గించు. గాలి మంచిగా ఉన్నప్పుడే పైకి చూపించాడంటే, ఇప్పుడు గాలి తిరిగాక ఏం చూపిస్తున్నాడో. తొమ్మిదో తరగతి పిల్లాడైనా చెప్పగలడు, ఇప్పుడు కిందికి చూపించాలి. ఆ బొటనవేలు నాకు తెలుసు. పెళ్ళయిన కొత్తలో తలుపు సందులో పడి గోరు నల్లబడ్డ వేలు. నొప్పి లేదన్నాడు. నొప్పిలేదంటూనే సింకు దగ్గర కళ్ళు తిరిగి పడ్డాడు, పడి లేచి, నేల తడిగా ఉంది అన్నాడు. అప్పుడే తెలుసుకోవలసింది. నేల పొడిగా ఉంది.

మంచివాడే, ఆ మాటకొస్తే. అందరూ మంచివాళ్ళే, అదే విసుగు. ఐవర్ నోలీన్‌కి చలికాలమంతా కట్టెలు కొట్టించి పంపాడు. డూగల్ ఆవిడ పెరట్లో గడ్డి కోశాడు. ఒకడు పోయాక ఇంటికొచ్చి చెయ్యగలిగిందంతా చేస్తారు, పోకముందు ఒకే ఒక్క వెటకారం మానమంటే మానలేరు. ట్రెవర్ పోయిన తరవాతి శుక్రవారం ఆ కుర్చీ ఖాళీగా ఉంచారట, గౌరవసూచకంగా. అలిస్టర్ కళ్ళనీళ్ళతో చెప్పాడు. ఆ పై శుక్రవారం ఎవడో పారబోశాడు, కుర్చీ ఎక్కాడు, అయ్యో పాపం. నేనది విని ఇస్త్రీ చేస్తున్న చొక్కా కాల్చాను. కావాలనే కాల్చాను, శుక్రవారం వేసుకునే చొక్కా అది. కొత్తది కొనుక్కున్నాడు. వీళ్ళని చొక్కాలతో మార్చలేం.

ఎడమచెయ్యి. భోజనాల దగ్గర నేను ఆ చెయ్యే చూస్తాను, ఏడాదినుంచి. ఉప్పు అందుకోడానికి ఠక్కున చాస్తాడు, కుక్కని దువ్వడానికి చాస్తాడు, నిద్రలో నా జుట్టు లాగుతాడు, ఏ ఆలోచనా లేకుండా చకచకా పనిచేసే చెయ్యి. అక్కడ పైన, ఆ అంచు దగ్గర మాత్రం దానికి అనుమతులు కావాలి. ఐవర్ అనుమతి, చచ్చిపోయిన ఐవర్ నాన్న అనుమతి, డూగల్ రాని మీసం అనుమతి. ఇవాళ వాటికి తోడు నా పెట్టెలు. అది లాగితే పెళ్ళాం అనుకున్నట్టే పారబోశాడంటారు. లాగకపోతే... దుప్పటి ఒకటి క్లిప్పు ఊడి కిటికీ అద్దాన్ని కొట్టింది. గాలి పెరిగింది. నేను మైకు మీది ప్లాస్టిక్ కాగితం చించాను. ఏమంటాను? అలిస్టర్, దుప్పట్లు ఇంటివైపు తిరిగాయి అంటానా? మొత్తం జిల్లా వింటుంది. ఇంకో పెట్టె బరువు ఎక్కుతుంది ఆ చేతిమీద. మైకు మీటమీద వేలు పెట్టి నిలబడ్డాను, నొక్కలేదు. నాకు కూడా అనుమతులు కావలసొచ్చాయి, చూశారా.

గర్జన. ఇది పెద్దది, చాలాసేపు ఉంది, అంటే నిండా పోయించుకున్నాడు. మాట్లాడకు, ఇప్పుడు మాట్లాడకు, అంచుకి వస్తున్న మనిషి చెవిలో పెళ్ళాం గొంతు పడకూడదు. దొర్లుతోంది, బొంగురుగా, గడ్డి మీద బరువుగా, ఇంకా దొర్లుతోంది, అంచు రావాలి ఈపాటికి. గొంతు మారింది. దిగింది. చెట్ల వెనక్కి దిగింది. సందువైపు చూస్తున్నాను. సందులో ఆకాశం ఉంది, ఒక గద్ద ఉంది, అంతే. మోత ఉంది ఇంకా, కానీ అది కిందనుంచి వస్తోంది, లోయ అడుగునుంచి, సందులో ఏమీ లేదు. పైన్ చెట్ల నెత్తిమీద బూడిదరంగు పొగ లేచింది. పొగ కొమ్మల్లోంచి పాకి, మెల్లిగా, తీరిగ్గా, మా ఇంటివైపు వంగింది, గాలి ఇటే కదా. నోలీన్ కిటికీలోంచి కూడా ఇలాగే చూసి ఉంటుంది. ఆవిడ ఆ వేళ ఏం చెక్కు తీస్తోందో నేనెప్పుడూ అడగలేదు. బంగాళాదుంపలా, కుమరానా, ఇంత కలిసి తిరిగి ఆ ఒక్క ముక్క అడగలేదే. నేను నిలబడే ఉన్నాను, ఇష్టమైన పని చేస్తూ పోయాడు అని ఐవర్ గొంతుతో ఎవరో అంటున్నారు నాలోపల, నోరుమూసుకో అంటున్నాను, ఆయనకిష్టమైంది, ఆయనకిష్టమైంది ఏమిటి, నాకు గుర్తు రావడం లేదు, ముప్ఫై ఏళ్ళు వండిపెట్టాను, ఆ మనిషికేది ఇష్టమో చప్పున చెప్పలేకపోతున్నాను.

పొగ కాదది. పొగ వాసన వేస్తుంది. ఇది కిటికీలోంచి లోపలికి వచ్చి నాలుకమీద పుల్లగా తగిలింది. సూపర్ ఎరువు. సందుకి చాలా ఎడమగా, ఎప్పుడూ రానిచోట, ఏటి ఒడ్డునుంచి, ఖాళీ విమానం పైకి వచ్చింది, ఎంత తేలికగా వచ్చిందంటే దాన్ని ఎవరో కిందనుంచి విసిరినట్టు. చెట్ల వెనకనుంచి ఏటిదాకా కొండ ఒళ్ళంతా బూడిదరంగు చార.

నేను స్టూలుమీద కూర్చున్నాను. డబ్బా కరకరమంది.

"ఐవర్," అన్నాడు అలిస్టర్. "నా వాటిల్లోంచి ఒక పెట్టె దింపు."

ఎవరూ నవ్వలేదు. గొర్రెలా అరిచేవాడు అరవలేదు. నికోరా కూడా, దేవుడి దయ, మాట్లాడలేదు. ఐవర్ మైకు నొక్కాడు, వెనక షెడ్డులో రేకులు చప్పుడవడం వినిపించింది, వదిలేశాడు. అప్పుడు అవతలి లోయనుంచి డూగల్.

"అలిస్టర్ అన్నా. నీ వాటిల్లోంచి నాకూ ఒకటి సర్దుతావా? పొద్దున్నే నేనూ పారబోశాను. చెప్పలేదు."

"తీసుకో," అన్నాడు అలిస్టర్. విమానం మా ఇంటి మీదుగా చుట్టు తిరుగుతోంది, కొండవైపు వెళ్ళడం లేదు, షెడ్డు దారి పట్టింది. రెక్క వంచాడు. పెరట్లో దుప్పట్లు అతనికి బాగా కనిపిస్తూ ఉండాలి, ఇంటివైపు పొట్టలు ఉబ్బించుకుని, ఎరువు దుమ్ము కొట్టుకుని, మళ్ళీ ఉతకవలసినవి.

"గ్లెన్," అన్నాడు డబ్బాలో, జిల్లా అంతా వింటూండగా. "దుప్పట్లు లోపల వేసుకో. గాలి మారింది."

గాలి మారిందిట. గంటనుంచి ఈ కిటికీలో నిలబడ్డదానికి చెబుతున్నాడు మహానుభావుడు. మైకు తీసి, మీట నొక్కి, మొదటిసారి ఆ డబ్బాలోకి మాట్లాడాను.

"అవునా," అన్నాను. "నేను చూసుకోనేలేదు."